మూడో అధ్యాయంలో ఇరుక్కున్న సీజన్ టికెట్

తెనాలి నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వెయ్యొద్దన్నారు. కుదించి చెబుతాను.

ఆవిడకు 43 ఏళ్ళు. విజయవాడలో బ్యాంకు ఉద్యోగం. పదకొండేళ్ళుగా సీజన్ టికెట్ మీద రోజూ రైల్లో వెళ్ళొస్తున్నారు. ఒకప్పుడు ఆ ముప్పావుగంటా పుస్తకమే. కృష్ణా కెనాల్ దాటి రైలు వంతెన ఎక్కిన చప్పుడు వినబడితే గానీ తలెత్తేవారు కాదట. నెలకు నాలుగైదు పుస్తకాలు అవలీలగా అయ్యేవి. ఏడాదిన్నరగా ఒక్కటీ పూర్తి కాలేదు. సీట్లో కూర్చుని పుస్తకం తీస్తారు, రెండు పేజీలు చదువుతారు, చెయ్యి ఫోన్ మీదికి పోతుంది, స్టేషన్ వచ్చేస్తుంది. రాత్రి పడుకునే ముందు తీస్తే పది నిమిషాల్లో కణతలు లాగుతాయి, పుస్తకం గుండెల మీద పడి ఉండగానే నిద్ర.

ఇంతవరకైతే ఉత్తరం రాసేదాన్ని కాదన్నారు. వాళ్ళమ్మాయి ఈ జూన్‌లో ఇంటర్ మొదటి సంవత్సరంలో చేరింది, హాస్టల్లో ఉంటోంది. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవంలో ఆ పిల్ల ఏరికోరి కొనుక్కున్న ఇంగ్లీషు ఫాంటసీ నవల ఒకటుంది. ఉర్సులా లె గ్విన్ రాసిన ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’. దాన్ని హాస్టలుకు తీసుకెళ్ళింది. కథల పుస్తకాలు కనబడితే అక్కడ తీసేసుకుంటున్నారని, ఆగస్టు మొదట్లో ఒకరోజు ఇంటికి వచ్చినప్పుడు అమ్మ చేతిలో పెట్టింది. “దసరా సెలవులకి నేనొచ్చేలోపు చదువమ్మా, మనం మాట్లాడుకోవాలి” అంది.

ఉన్నవి పది అధ్యాయాలు. ఈవిడ మూడోదాని మధ్యలో ఆగిపోయారు. గడువు తీరిన సీజన్ టికెట్ గుర్తుగా పెట్టారు. ఆ తరువాత టికెట్ రెండుసార్లు మార్చుకున్నారు, పుస్తకంలోది మాత్రం ఉన్నచోటే ఉంది. ప్రతి ఆదివారం ఫోన్లో “ఎందాకా వచ్చావమ్మా” అనే ప్రశ్న. రెండు వారాల కిందట విసుగులో “అయిపోయిందే, బాగుంది” అనేశారు. “మరి చివర్లో?” అంటే “వచ్చాక మాట్లాడుకుందాంలే” అని తప్పించుకున్నారు. ఆ రాత్రే ఇంటర్నెట్‌లో కథాసారం వెతుక్కుని మొత్తం చదివేశారు. “గైడు బట్టీపట్టి పరీక్షకు వెళ్తున్నట్టుంది, నా మీద నాకే రోత పుట్టింది” అని రాశారు.

నాన్నగారు పోయి రెండేళ్ళవుతోందట. చందమామ సీరియళ్ళు నెలనెలా విడదీసి, కుట్టించి, బైండు చేయించి పెట్టేవారట ఆయన. ఆ బైండ్లు అటక మీద ట్రంకుపెట్టెలో ఉన్నాయి, ఇంతవరకు మూత తియ్యలేదు. భర్త మంచివాడే, కానీ “పిల్లల పుస్తకానికి ఇంత రాద్ధాంతమా, అయిపోయిందని చెప్పావుగా, వదిలెయ్” అంటాడట. ఉత్తరం చివర, సంతకానికి ముందు, ఒక వాక్యం: “పుస్తకం నిండా దాని పెన్సిలు గీతలే, జాస్పర్ అనే కుర్రాడు వచ్చిన చోట పక్కన ‘సేమ్ టు సేమ్’ అని కూడా రాసుకుంది, అవి చూస్తుంటే నా అబద్ధం ఇంకా గుచ్చుకుంటోంది.”

ఆవిడ అడిగినవి మూడు. నాకు చదువు ఎందుకు పోయింది? ఈ వయసులో పిల్లల ఫాంటసీ మీద కూర్చోవడం అవసరమా? అమ్మాయికి నిజం చెప్పాలా, ఈలోగా ఎలాగోలా చదివెయ్యాలా?

*

అమ్మా, మీరు చివర్లో రాసిన ఆ వాక్యంతోనే మొదలుపెట్టాలని ఉంది. కానీ ముందు చిన్నదొకటి తేల్చేద్దాం. అది తేలకపోతే మిగతావన్నీ గాల్లో మాటలవుతాయి.

కళ్ళు ఎప్పుడు చూపించుకున్నారు? ఫోన్లో అయితే అక్షరాలు పెద్దవి చేసుకుని గంటసేపు చదవగలుగుతున్నానని, పుస్తకమే సాగడం లేదని రాశారు. దాన్ని మీరు మనసు బలహీనతగా లెక్కేసుకున్నారు. నేను ముప్ఫై ఏళ్ళు ఒక చిన్న ఊళ్ళో శాఖా గ్రంథాలయం నడిపినదాన్ని. నలభై దాటినవాళ్ళు వారపత్రికని చెయ్యి చాచి దూరంగా పట్టుకోవడం, కిటికీ దగ్గరికి జరగడం, ఆ తరువాత మెల్లగా రావడం మానెయ్యడం ఎన్నిసార్లు చూశానో. అడిగితే “ఇంట్రెస్టు పోయిందండీ” అనేవాళ్ళు. పోయింది ఇంట్రెస్టు కాదు, దగ్గరి చూపు. మన పెద్దవాళ్ళు దానికి చత్వారం అని పేరు కూడా పెట్టారు. కంట్లో కటకం వయసుతో బిరుసెక్కి, దగ్గరి వస్తువు మీద చూపు నిలపడానికి వంగదు. నలభై దాటాక అందరికీ వచ్చేదే. రాత్రి అలసిన కళ్ళతో, మంచం పక్కన చిన్న లైటు కింద, సన్నచ్చు ఇంగ్లీషు పేపర్‌బ్యాక్ చదవబోతే కణతలు లాగక ఏం చేస్తాయి? మీరు దాటొచ్చిన రెండో అధ్యాయంలో కథానాయకుడు, గెడ్ అనే కుర్రాడు, గురువుగారి గ్రంథంలో మునిగిపోయి, పొద్దు గుంకి దీపం కూడా లేకుండా చదువుతున్నానని ఆలస్యంగా గమనించుకుంటాడు, గుర్తుందా? అతను మాంత్రికుడు. మీకు అద్దాలు కావాలి. ఈ శనివారమే వెళ్ళండి. డాక్టరు కళ్ళు బాగానే ఉన్నాయంటే నా తప్పు ఒప్పుకుంటాను.

ఫోన్ గురించి ఎక్కువ చెప్పను. మీకు తెలియనిది కాదు. రైలెక్కగానే దాన్ని బ్యాగులో లంచ్ బాక్సు కిందకి పంపితే సగం పని అయినట్టే. బ్యాంకులో పొద్దంతా అక్షరాలూ అంకెలూ చూసినవాళ్ళకి సాయంత్రం రైల్లో చదవబుద్ధి కాకపోవడం మాత్రం పాపం కాదు. ఉదయం రైలు పుస్తకానికి, సాయంత్రం రైలు కిటికీకి అనుకోండి.

ఇక నాన్నగారు. ఉత్తరంలో రెండు వాక్యాలు రాసి దాటేశారు కాబట్టి నేనూ ఎక్కువ తవ్వను. ఆయన పోయి రెండేళ్ళు, మీ చదువు ఆగి ఏడాదిన్నర. ఈ రెండు లెక్కలూ పక్కపక్కనే పెట్టి చూశారా? మా నాన్న పోయాక నాకు దినపత్రిక తప్ప ఏదీ చదవబుద్ధి అయ్యేది కాదు. గ్రంథాలయంలో కూర్చుని, చుట్టూ ఎనిమిది వేల పుస్తకాలు పెట్టుకుని, ఏదీ ముట్టుకోలేదు. కారణం అంతుచిక్కింది ఆ తరువాత ఎప్పుడో. ఏ పుస్తకం బాగున్నా వెంటనే “ఇది నాన్నకి చెప్పాలి” అనిపించేది, ఆ వెనకే చెప్పడానికి మనిషి లేడని గుర్తొచ్చేది. ఆ తలపు రాకుండా ఉండాలంటే బాగున్న పుస్తకం చదవకుండా ఉండటమే దారి అన్నట్టు అయిపోయాను. మీదీ అదేనని నేను చెప్పలేను. ట్రంకుపెట్టె మూత ఎందుకు తియ్యలేదో మీకే తెలుసు.

మీరు పుట్టింది వేరే ఊళ్ళో గానీ పెరిగింది తెనాలిలోనే అన్నారు. చందమామకు ప్రాణం పోసిన చక్రపాణి గారిదీ, దాన్ని దశాబ్దాల పాటు తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు గారిదీ మీ ఊరే. మీ నాన్నగారు కుట్టించి పెట్టినవి, ‘తోకచుక్క’ మొదలుకుని దాసరి సుబ్రహ్మణ్యం గారు రాసిన సీరియళ్ళే అయివుంటాయి. ‘జ్వాలాద్వీపం’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’ లాంటివి. లోయలు, ద్వీపాలు, మాంత్రికులు, శిథిల నగరాలు. అవి రాసిందెవరో చాలామంది పాఠకులకు ఏళ్ళ తరబడి తెలియదు. చిత్రా గారి బొమ్మ తెలుసు, నెలాఖరుకు కథ ఎక్కడ తెగిందో తెలుసు. ఇప్పుడు మీ అమ్మాయి చదువుతున్నది ఏమిటి? ఒక దీవి, ఒక మాంత్రికుడు, ఒక పడవ, ఒక సముద్రం. మీ వారు పిల్లల పుస్తకమంటున్నది మీ నాన్నగారు డబ్బిచ్చి బైండు చేయించినదానికి దూరపు చుట్టమే. ఆయనకు అప్పుడు ఎన్నేళ్ళో లెక్కేయండి. నలభై ఉండవూ?

రెండో ప్రశ్నకు జవాబు అయిపోయినట్టే. అయినా ఆ నవల గురించి నాలుగు మాటలు చెప్పాలి, మీరు అక్కడే ఎందుకు ఆగారో దానివల్ల కొంత తేలుతుంది.

1968లో వచ్చిన పుస్తకం అది. పెద్దపిల్లల కోసం ఏదైనా రాయమని ఒక చిన్న ప్రచురణకర్త అడిగితే లె గ్విన్ మొదట జంకింది. తరువాత ఆమెకొక ఆలోచన వచ్చింది. కథల్లో మాంత్రికులందరూ తెల్లగడ్డాల ముసలివాళ్ళే, మరి గడ్డాలు నెరవక ముందు వాళ్ళేం చేసేవారు? ఆ విద్య ఎక్కడ నేర్చుకున్నారు? ఆ ప్రశ్నలోంచి మేకలు కాసుకునే కుర్రాడు గెడ్ పుట్టాడు. ముందు దీవుల పటం గీసుకుని ఆ తరువాత కథ రాసుకుంది. మాంత్రికుల బడి అనే ఊహ ఇప్పుడు అరిగిపోయింది గానీ అప్పటికి కొత్తది.

మీకు ఎండుగా అనిపించిందన్నారు. నిజమే, ఆ కథనం ఇప్పటి పిల్లల నవలల్లా చెవిలో గుసగుసలాడదు. పైనుంచి, దూరం నుంచి, పురాణం చెప్పేవాళ్ళలా చెబుతుంది. మాటలు తక్కువ, పేర్లు ఎక్కువ. మీరు ఆగిన చోటు చూసి నవ్వొచ్చింది. మూడో అధ్యాయంలో గెడ్‌ని ఒంటరి బురుజుకు పంపుతారు, పేర్లు నేర్చుకోవడానికి. కుర్రెమ్‌కార్మెర్రుక్ అనే గురువు ఎత్తుపీట మీద కూర్చుని జాబితాలు రాసిస్తాడు. ఏ దీవికి ఏ కొన, ఏ కొనకు ఏ పాయ, అన్నిటికీ పేర్లు. అర్ధరాత్రికి సిరా మాయమయ్యేలోపు కంఠతా పట్టాలి. ఆ చదువులో గెడ్ కూడా ఊపిరాడక నలిగిపోతాడు. అతను నలిగిన చోటే మీరూ నలిగారు. దాన్ని మీ తప్పు అనుకోకండి, ఆ పేజీలు అలాగే రాసింది ఆవిడ. నన్నడిగితే ఆ పేర్లన్నీ వదిలెయ్యండి. ఒక్కటి పట్టుకుంటే చాలు: ఆ లోకంలో ఒక వస్తువు అసలు పేరు తెలిస్తే దాని మీద పట్టు చిక్కుతుంది, అందుకే ఎవరూ తమ అసలు పేరు బయటపెట్టరు. ఇది మనకు కొత్తేమీ కాదు. మా అమ్మమ్మ తాతయ్య పేరు నోటితో పలికేది కాదు. రేషన్ కార్డు గుమస్తా అడిగితే నన్ను ముందుకు తోసి “చెప్పవే” అనేది. జన్మనామం ఒకటి, బడిలో పేరు ఒకటి, ఇంట్లో పిలిచే పేరు ఒకటి ఉన్న ఇళ్ళు మనవి.

ఇంకో చిట్కా. ఒక పేజీ పైకి చదవండి. కళ్ళతో చదివితే పొడిగా ఉన్న వాక్యాలు గొంతులోకి వస్తే తూగుతాయి. రైల్లో కాదులెండి, వంటింట్లో. చదివి వినిపించిన ఆడియో పుస్తకం కూడా దొరుకుతుంది. కూర వేగుతుండగా వినొచ్చు. కాకపోతే విన్న పేరు పుస్తకంలో ఎక్కడుందో వెతుక్కోవడం కష్టం, మీ అమ్మాయి గీతలు కూడా కనబడవు.

పుస్తకంలో లోటు లేదా అంటే ఉంది. ఆ బడిలో ఆడపిల్ల ఒక్కతి లేదు. మొదటి అధ్యాయంలోనే ఆడవాళ్ళ మంత్రవిద్యను చులకన చేసే సామెత ఒకటి వస్తుంది. గెడ్‌కి మొట్టమొదట మేకల్ని పిలిచే మంత్రం నేర్పిందేమో అతని తల్లి తోబుట్టువు. పెద్దమ్మో పిన్నో తెలియదు, ఇంగ్లీషులో ఆంట్ అంటే సరిపోతుంది కదా. తొలి గురువైన ఆ మనిషిని కథ చప్పున వెనక్కి నెట్టేస్తుంది. రచయిత్రికి తరువాత తరువాత ఇది తెలిసొచ్చింది. 1972లో మూడో పుస్తకంతో ముగించాననుకున్న కథని 1990లో మళ్ళీ తెరిచి, ఈసారి ఒక నడివయసు స్త్రీ వైపు నుంచి రాసింది. ఆ నాలుగోది, ‘తెహాను’, పదహారేళ్ళవాళ్ళ కన్నా మన వయసువాళ్ళకే ఎక్కువ అందుతుందని నా అభిప్రాయం. ఒంటి రంగు విషయంలో మాత్రం మొదటి పుస్తకం నుంచే ఆవిడకు స్పష్టత ఉంది. గెడ్ ఎర్రమట్టి రంగువాడు, అతని స్నేహితుడు వెచ్ నల్లటివాడు, దండెత్తి వచ్చేవాళ్ళు తెల్లవాళ్ళు. అట్టల మీద మాత్రం చాలాకాలం గెడ్‌ని తెల్లగానే వేశారు. 2004లో టీవీ సీరియల్ తీసినప్పుడూ అదే చేస్తే ఆవిడ ఊరుకోక బాహాటంగా రాసింది.

ఇప్పుడు మీరు ఉత్తరం చివర రాసిన ఆ వాక్యానికి వస్తాను.

జాస్పర్ ఎవరో మీకు తెలుసు, అంతవరకు చదివారు. పెద్ద దీవి, పెద్దింటి బిడ్డ. కొత్తగా వచ్చిన మేకలకాపరికి బడి చూపించే పని అతనికి అప్పగిస్తారు. తిట్టడు, కొట్టడు. ఎంతో మర్యాదగా మాట్లాడతాడు, ఆ మర్యాదలోనే నువ్వెక్కడినుంచి వచ్చావో గుర్తుచేస్తుంటాడు. గెడ్ లోలోపల కుతకుతలాడిపోతాడు. మీ అమ్మాయి ఆ పేరా కింద గీత గీసి, పక్కన ‘సేమ్ టు సేమ్’ అని రాసింది. మీరు దాన్ని మీ అబద్ధానికి సాక్ష్యంగా చదివారు. నేను దాన్ని ఉత్తరంగా చదువుతున్నాను.

ఆ గీత ఎప్పటిది? జనవరిలో కొన్నప్పటిదా, జూన్ తరువాతదా? జనవరిలో ఆ పిల్ల మీ దగ్గరే ఉంది, పాత బడిలో, పాత స్నేహితులతో. అప్పుడు అక్కడ రాయడానికి కారణం తక్కువ. హాస్టల్లో రెండోసారి చదువుతూ రాసి ఉండటానికే అవకాశం ఎక్కువ. తరువాత ఆ పుస్తకాన్ని పనిగట్టుకుని మీ చేతికిచ్చి “చదువమ్మా, మాట్లాడుకోవాలి” అంది. పుస్తకం గురించి మాత్రమే మాట్లాడాలనుకునే పిల్ల ప్రతి ఆదివారం అదే అడగదు. రెండు వారాలు అడిగి ఊరుకుంటుంది.

నేను పొరబడి ఉండొచ్చు. గది పంచుకునే అమ్మాయి కాస్త పొగరుగా ఉండి, దాని మీద విసురుగా రాసుకున్నదే కావచ్చు. ఆ వయసులో నేను ప్రతి నవలలో విలన్ పక్కన మా లెక్కల మాస్టారి పేరు రాసేదాన్ని. అందుకని రేపే వెళ్ళి హాస్టల్ వార్డెన్ ముందు కూర్చోకండి. కానీ దసరా దాకా ఆగడం కూడా నాకు ఇష్టంలేదు.

అడిగే తీరులోనే ఉంది చిక్కంతా. ఆదివారం ఫోన్ ఎలా ఉంటుందో మీరే రాశారు. వరండాలో ఒకే ఫోన్, వెనకాల వరస, ఐదు నిమిషాలు. అక్కడ నిలబడ్డ పిల్లని “ఎవరైనా ఏమైనా అంటున్నారా?” అని అడిగితే “ఏం లేదమ్మా, బానే ఉన్నా” తప్ప ఇంకో జవాబు రాదు. ఆ వరసలో ఎవరున్నారో మనకేం తెలుసు? అదే “మీ దగ్గర జాస్పర్ ఎవరే?” అని అడిగి చూడండి. పక్కనున్నవాళ్ళకి ముక్క అర్థం కాదు. ఆ పిల్లకి మొత్తం అర్థమవుతుంది. నవ్వి “ఉందిలే ఒకతి” అందనుకోండి, ఊపిరి పీల్చుకోవచ్చు. మాట ఆగిపోయిందనుకోండి, లేక గొంతు మారిందనుకోండి, “వెచ్ ఉన్నాడా మరి?” అని అడగండి. గెడ్‌ని మొదటిరోజు నుంచీ తనవాడనుకున్న స్నేహితుడతను. జాస్పర్ ఉన్నా వెచ్ ఉంటే సెలవుల దాకా నెట్టుకురావచ్చు. లేడంటే వచ్చే ఆదివారం టిఫిన్ డబ్బా పట్టుకుని మీరే వెళ్ళండి, ఎదురుగా కూర్చుంటే ఐదు నిమిషాల ఫోన్లో రానివి వస్తాయి.

ఈ ప్రశ్న అడిగితే మీ అబద్ధం కూడా దానంతటదే బయటపడుతుంది, ఎందుకంటే పుస్తకం పూర్తిచేసినవాళ్ళు మూడో అధ్యాయం దగ్గరే తచ్చాడరు. ఆ పిల్ల చురుకైనది, పట్టేస్తుంది. అప్పుడు మీ ముందు రెండు దారులు. “అయిపోయిందని అబద్ధం చెప్పానే, నిజానికి జాస్పర్ దగ్గరే ఆగిపోయాను” అని అక్కడికక్కడే చెప్పెయ్యొచ్చు. ఒకరోజు అలుగుతుంది. పదహారేళ్ళు, అలగనివ్వండి. కథాసారం చదివిన సంగతి కూడా అప్పుడే కలిపి చెప్పండి, విడతలుగా చెబితే విడతలుగా అలుగుతుంది. లేదా దసరాకి ఇంటికొచ్చాక చెప్పొచ్చు. అందులో సుఖం, ఎదురుగా ఉంటుంది కాబట్టి ఐదు నిమిషాల్లో తెగే మాట కాదు. కష్టం, అప్పటిదాకా ప్రతి ఆదివారం ఇంకో అబద్ధం అతకాలి. మీ ఉత్తరం చూస్తే మీరు అతకగలిగిన మనిషిలా లేరు.

ఇక మూడో దారి, మీరు అడిగినది: ఈ మూడు వారాల్లో ఎలాగోలా చదివి అబద్ధాన్ని నిజం చేసెయ్యడం. కుదరనిదేం కాదు. చిన్న పుస్తకమే, మిగిలినవి ఏడు అధ్యాయాలు, మూడు రోజులకొకటి. కొత్త అద్దాలొస్తే ఉదయం రైల్లోనే అయిపోతాయి. కానీ మీరు దాన్ని మార్చి నెలాఖరు టార్గెట్‌లా చదువుతారేమోనని నా భయం. ముగించి, పక్కన టిక్కు పెట్టి, దసరాకి జవాబులు సిద్ధంగా పెట్టుకుంటారు. ఏడాదిన్నర తరువాత పూర్తయిన మొదటి పుస్తకం అలా పూర్తవడం మీకు మంచిది కాదనిపిస్తోంది. అయినా చదవడం మొదలుపెడితే మాత్రం మానవద్దు. ఐదో అధ్యాయంలో డ్రాగన్ వస్తుంది, అక్కడికి చేరాక టార్గెట్ సంగతి మీరే మర్చిపోవచ్చు.

ముగింపు తెలిసిపోయిందనే బెంగ మాత్రం పెట్టుకోకండి. గెడ్ ఏమవుతాడో రచయిత్రే మొదటి పేజీలో చెప్పేసింది, పెద్దయ్యాక డ్రాగన్‌లతో మాట్లాడే మహామాంత్రికుడు అవుతాడని. బతుకుతాడా లేదా అనేది ఆ కథలో ప్రశ్నే కాదు. మీ ఊళ్ళో పద్యనాటకం చూడ్డానికి వచ్చేవాళ్ళు రాయబారం ఫలిస్తుందో లేదో తెలియక వస్తారా? తెల్లవార్లూ కూర్చునేది పద్యం కోసం. కథాసారం మీకు కథ చెప్పింది గానీ ఆ సముద్రాన్ని చూపించలేదు.

నన్నడిగితే నాలుగో దారి కూడా ఉంది, కాస్త సోమరి దారి. పుస్తకాన్ని వరసగా చదవడం ఆపెయ్యండి. ఒక ఆదివారం మధ్యాహ్నం పెన్సిలు గీతలున్న చోట్లు మాత్రమే చదవండి, చివరి నుంచి మొదటికైనా సరే. గ్రంథాలయంలో తిరిగొచ్చిన పుస్తకాలు సర్దేటప్పుడు నేను చేసిన పని అదే. బస్సు టికెట్టో, వక్కపొడి పొట్లమో, ఎండిన కనకాంబరమో ఎక్కడ ఇరుక్కుని ఉందో చూసి, ఆ మనిషి ఆగిన పేజీ చదివేదాన్ని. ఆ గీతలన్నీ చదివాక దసరాకి పుస్తకం ఆ పిల్ల చేతికే ఇచ్చి “మిగతాది నువ్వే చదివి వినిపించు” అనండి. ఇంగ్లీషులో చదువుతూ మధ్యమధ్య తెలుగులో చెప్పమనండి. ఇందులో నష్టం ఏమిటంటే మీ చదువు తిరిగి రావడానికి ఇది నేరుగా పనికిరాదు. పుస్తకం మీది కాకుండా ఆమెదిగానే ఉండిపోతుంది. ఉండనివ్వండి, మీ కోసం అటక మీద వేరే ఉన్నాయి.

ఆ పెట్టె ఎప్పుడు దించాలో నేను చెప్పను. దించితే మాత్రం బైండు తెరిచి చదవాలని కూర్చోకండి. దుమ్ము దులిపి, చెదలు పట్టిందేమో చూసి, ఎండలో ఒక పూట పెట్టి మళ్ళీ సర్దినా చాలు. అమ్మాయి ఇంట్లో ఉన్నప్పుడు దించితే మంచిది. దాన్ని పైకెక్కించి పెట్టె అందించమనండి, మీ మోకాళ్ళకి కూడా సుఖం. తాతయ్య చందమామల్లో మాంత్రికులు ఎలా ఉండేవారో చూసి ఆ పిల్ల నవ్వితే నవ్వనివ్వండి.

ఇంకొకటి, మరిచిపోయేలోపు. మీ ఉత్తరంలో ఆ కుర్రాడి పేరు మూడుచోట్ల జెడ్ అని రాశారు. గెడ్ అనాలి. జాస్పర్ గురించి అడిగేటప్పుడు నోరు జారి జెడ్ అన్నారో, ఆదివారం ఐదు నిమిషాలూ దానికే సరిపోతాయి.